నల్లగొండ ఊర్లల్ల 1948–51 మిలిటరీ చర్యల రికార్డులు: "లభ్యం కాలేదు" అన్న జవాబు మీద ఏం చెయ్యాలె?

పానగల్లు_కట్ట:

పాత సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలల్ల ఆరు ఊర్ల చరిత్ర రాస్తున్నం. రజాకార్ల దాడుల గురించి పుస్తకాలున్నయి, పాటలున్నయి, సర్కారు లెక్కలు గూడ ఉన్నయి. 1948 సెప్టెంబర్ 17 దాటంగనే కాగితం మాయమైతున్నది. తెలంగాణ సాయుధ పోరాట విరమణ జరిగిన 1951 అక్టోబర్ దాకా మూడేండ్లు యూనియన్ సైన్యం ఈ ఊర్లల్ల క్యాంపులు పెట్టింది. ఊర్ల అమరుల స్తూపాల మీద పేర్లు, తేదీలు, "మిలిటరీ కాల్పుల్లో అమరుడు" అన్న మాట చెక్కి ఉన్నయి. ఏ దళం కాల్చింది, ఎవరి ఉత్తర్వు, శవపంచనామా అయ్యిందా లేదా, ఇవేవీ తెలుస్తలేవు.

సమాచార హక్కు కింద ఒక కేంద్ర కార్యాలయాన్ని అడిగితే రెండే వాక్యాలు వచ్చినయి: "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లభ్యం కాలేదు. అంతేగాక, సదరు సమాచారం సెక్షన్ 8(1)(ఎ) కింద మినహాయింపు పరిధిలోనిది."

డెబ్బై అయిదేండ్లు దాటిన సంగతికి ఇంకా భద్రత అడ్డమొస్తదా? దీని మీద అప్పీలు ఎట్ల రాయాలె? సైన్యం కాగితాలు దొరకకపోతే జిల్లాల వేరే ఎక్కడ చూడాలె? దయచేసి సెక్షన్లతో సహా చెప్పగలరు.

పాతదస్త్రం:

ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. కాగితం దొరకలేదంటున్నారు. దొరకని కాగితం బయటపడితే దేశ భద్రతకు ముప్పని ఎట్లా తేల్చారు? ఉన్నదని ఒప్పుకుంటేనే మినహాయింపు వర్తిస్తుంది, లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. మొదటి అప్పీలు మొదటి పేరాలో ఇదే రాయండి. సెక్షన్ 19(5) ప్రకారం నిరాకరణ సబబేనని రుజువు చేసుకోవాల్సిన భారం సమాచార అధికారి మీదనే ఉంటుంది, మీ మీద కాదు.

తర్వాత సెక్షన్ 8(3). సంఘటన జరిగి 20 ఏండ్లు నిండితే చాలా మినహాయింపులు వాటంతటవే పోతాయి. దర్యాప్తు దెబ్బతింటుంది, వ్యక్తిగత గోప్యత, ఎవరి ప్రాణానికో ముప్పు, ఇవేవీ 1949 నాటి కాల్పులకు పనికిరావు. మిగిలేవి మూడే: (ఎ) దేశ సార్వభౌమత్వం, భద్రత, (సి) చట్టసభల హక్కులు, (ఐ) మంత్రివర్గ కాగితాలు. మీకు (ఎ) వేయడం యాదృచ్ఛికం కాదు, దానికి కాలపరిమితి లేదు. 1962 యుద్ధం మీది హెండర్సన్ బ్రూక్స్ నివేదికను సమాచార హక్కు చట్టం వచ్చాక కూడా కేంద్ర సమాచార కమిషన్ ఇప్పించలేదు. కాబట్టి "పాతది గనుక ఇవ్వాలి" అన్న ఒక్క వాదన మీద ఆనుకోవద్దు. 1948లో ఒక ఊర్లో జరిగిన కాల్పుల వివరం ఇవాళ ఏ సరిహద్దుకు, ఏ విదేశీ సంబంధానికి హాని చేస్తుందో కారణం రాయమని అడగండి. సెక్షన్ 10 కూడా పెట్టండి: నిజంగా దాచాల్సిన పేరా ఉంటే దాన్ని కొట్టేసి మిగతాది ఇవ్వాలి. 8(2)ను చివరన పెట్టండి. మినహాయింపు వర్తించినా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చు అన్నది అందులోనే ఉంది.

"లభ్యం కాలేదు" అన్న మాటకు వేరే మందు ఉంది. విశ్వాస్ భాంబుర్కర్ కేసులో 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది: ఒకప్పుడు ఉన్న కాగితం కనపడటం లేదని చెప్పి చేతులు దులుపుకోవడానికి లేదు, గట్టిగా వెతకాలి, అవసరమైతే విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలి. అప్పీలులో ఆ తీర్పు పేరు రాసి, మూడు అడగండి. ఏయే ఆఫీసు విభాగాల్లో, ఏయే రిజిస్టర్లలో వెతికారు? ఆ కాగితాలను ఆర్కైవ్స్‌కు పంపి ఉంటే పంపిన జాబితా నకలు. ధ్వంసం చేసి ఉంటే ధ్వంసం చేసిన జాబితా, తేదీ, అనుమతి ఇచ్చిన అధికారి హోదా. 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ రికార్డును ఇష్టమొచ్చినట్టు తగలబెట్టడం నేరం. సెక్షన్ 9 కింద ఐదేండ్ల దాకా జైలు ఉంది. 1993కు ముందే పోయిన కాగితానికి ఆ శిక్ష తగలదు. అయినా ఎప్పుడు పోయిందో రాతపూర్వకంగా చెప్పించుకోవడమే పెద్ద పని, చాలా కార్యాలయాలు అక్కడే తడబడతాయి.

గడువులు మరవద్దు. జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద ఉత్తర్వు వచ్చిన 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మొదటి అప్పీలుకు 30 రోజుల్లో, ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా ఆ రోజు నుంచే 90 లెక్క మొదలవుతుంది. కమిషన్ విచారణకు ఢిల్లీ పోనక్కర్లేదు, జిల్లా ఎన్‌ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ల విభాగం) కేంద్రం నుంచి వీడియోలో హాజరు కావచ్చు. కవరు మీద తపాలా ముద్ర కనిపించేలా దాచుకోండి. జవాబు కాగితం మీద ఒక తేదీ, ముద్ర మీద పది రోజుల తర్వాతి తేదీ ఉంటుంది. "గడువు దాటింది" అంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

గడప_దాటని_కేసు:

పైన చెప్పింది కాగితం సంగతి. "ఇన్నేండ్లకు కూడా ఎందుకు దాస్తారు" అన్నదానికి చట్టంలోనే జవాబుంది. అది తెలిస్తే మీరు ఏది అడిగితే వస్తుందో, ఏది అడిగితే రాదో తేలుతుంది.

సైనికుల మీద కేసు ఆగిపోయేది సాక్ష్యం లేక కాదు, అనుమతి లేక. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం, 1958, సెక్షన్ 6 ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ఏ కోర్టూ కేసు తీసుకోదు. కశ్మీర్ చట్టంలో అదే సెక్షన్ 7. ఆ చట్టం లేని చోట పాత నేర ప్రక్రియా స్మృతి 197, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 218. కొత్తదాంట్లో 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్న మాట చేర్చారు, కానీ ప్రత్యేకాధికారాల చట్టంలో అట్లాంటి గడువు లేదు. 2018 జనవరిలో రాజ్యసభకు రక్షణ శాఖ ఇచ్చిన లెక్క చూడండి: 2001 నుంచి 2016 దాకా జమ్మూ కశ్మీర్ నుంచి 50 అభ్యర్థనలు వస్తే 47 తిరస్కరించారు, 3 పెండింగ్.

నాగాలాండ్‌లో ఓటింగ్ అనే ఊరి దగ్గర 2021 డిసెంబర్ 4న బొగ్గు గనిలో పని ముగించుకుని ఇంటికి పోతున్న కూలీల బండి మీద సైన్యపు ప్రత్యేక దళం కాల్పులు జరిపింది. ఆరుగురు అక్కడే పోయారు, తర్వాతి ఘర్షణలతో కలిపి లెక్క పద్నాలుగుకు చేరింది. రాష్ట్ర ప్రత్యేక దర్యాప్తు బృందం 30 మంది మీద అభియోగపత్రం వేసింది. 2023లో కేంద్రం అనుమతి నిరాకరించింది. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ విచారణను మూసేసింది; ఎప్పటికైనా అనుమతి వస్తే నడపొచ్చు అన్న వెసులుబాటు మాత్రం మిగిల్చింది. ఎవరు దోషి, ఎవరు కాదు అన్నది ఏ మామూలు కోర్టూ వినలేదు.

రెండో దారి సైనిక కోర్టు, అంటే కోర్టు మార్షల్. కశ్మీర్‌లోని పత్రీబల్‌లో 2000 మార్చిలో ఐదుగురిని చంపి విదేశీ ఉగ్రవాదులన్నారు. 2006లో సీబీఐ అభియోగపత్రం వేసింది. 2012లో సుప్రీంకోర్టు, మామూలు కోర్టా, కోర్టు మార్షలా మీరే ఎంచుకోండని సైన్యానికే వదిలింది. సైన్యం కేసు తీసుకుంది, 2014 జనవరిలో సాక్ష్యం చాలదని మూసేసింది. కశ్మీర్‌లోనే మచిల్ బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో కోర్టు మార్షల్ యావజ్జీవం వేసింది, 2017లో సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపేసింది. మానవ హక్కుల కమిషన్‌కు పోదామంటే 1993 చట్టం సెక్షన్ 19 ప్రకారం సైన్యం విషయంలో కమిషన్ స్వయంగా దర్యాప్తు చేయలేదు, కేంద్రాన్ని నివేదిక అడగడం వరకే. సెక్షన్ 36(2) ప్రకారం ఏడాది దాటిన సంఘటన తీసుకోదు. మీ 1949 సంగతి అక్కడికి తీసుకుపోతే పోస్టు ఖర్చు వృథా.

పానగల్లు_కట్ట:

మంచిగ అర్థమైంది సార్. ఒక అనుమానం. 1948ల ఆ 1958 చట్టం లేనే లేదు కద, ఇక్కడ ఎన్నడూ అమలు గూడ కాలే. మరి అప్పుడు వాళ్ళకు రక్షణ ఏంది?

గడప_దాటని_కేసు:

ఆ మూడేండ్లను రెండు ముక్కలుగా చూడాలి, మీ దరఖాస్తులు కూడా అట్లనే విడగొట్టండి.

మొదటిది 1948 సెప్టెంబర్ 18 నుంచి 1950 జనవరి 25 దాకా. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా 1949 డిసెంబర్ దాకా ఉన్నాడు. శాసనం, పాలన రెండూ ఆయన చేతిలోనే. 1358 ఫస్లీ (నిజాం కాలపు సంవత్సరం, 1948–49) 5వ రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పెట్టారు. నల్లగొండ రైతులకు ఉరిశిక్షలు పడింది వాటిలోనే. బ్రిటన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాళ్ళ తరఫున సుప్రీంకోర్టులో వాదించాడు. 1951 నాటి జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం తీర్పు చదవండి. రాజ్యాంగం రాకముందే ముగిసిన విచారణలను ప్రాథమిక హక్కుల పేరుతో తిరగదోడలేమని కోర్టు చెప్పింది. తర్వాత ఆ ఉరిశిక్షలు రద్దయి యావజ్జీవంగా మారాయి. ఆ తీర్పు న్యాయ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. ట్రిబ్యునల్ ఎట్లా నడిచింది, వకీలు దొరికాడా లేదా అన్న చర్చ అందులోనే ఉంది.

రెండోది 1950 జనవరి 26 నుంచి 1951 అక్టోబర్ దాకా. రాజ్యాంగం వచ్చింది, ప్రాణానికి, స్వేచ్ఛకు, అరెస్టయినవాళ్ళకు రక్షణ ఇచ్చే 21, 22 అధికరణాలు ఉన్నాయి, అయినా సాయుధ చర్య ఆగలేదు. ఈ ముక్కలో పట్టుబడ్డవాళ్ళ నిర్బంధ ఉత్తర్వులు, హెబియస్ కార్పస్ (పట్టుకున్నవాళ్ళను కోర్టు ముందుకు తెమ్మనే) పిటిషన్లు ఉండే అవకాశం ఎక్కువ. కోర్టుకు చేరిన కాగితం సైన్యం చేతిలో ఉండదు కాబట్టి దాన్ని సైన్యం దాచలేదు.

34వ అధికరణం కూడా ఒకసారి చూడండి. సైనిక శాసనం అమల్లో ఉన్న చోట శాంతిభద్రతల కోసం చేసిన పనులకు పార్లమెంటు చట్టం చేసి క్షమ ఇవ్వొచ్చని రాజ్యాంగంలోనే రాసి పెట్టారు.

ఇవాళ శిక్ష అడగడం కుదరదు, చేసినవాళ్ళు బతికి లేరు. కానీ ఒక మనిషి ఏ రోజు, ఎవరి చేతిలో, ఏ పేరు మీద చనిపోయాడన్న నిజానికి గడువు లేదు. దరఖాస్తులో "చర్య తీసుకోండి" అన్న మాట ఎక్కడా రాయొద్దు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇది సమాచారం కాదు, ఫిర్యాదు అని తిప్పి పంపిస్తారు.

దిండి_వాగు:

జిల్లాల దొరికేటివి చెప్త. మొదలు తేదీ లెక్క నేర్చుకోండ్రి, సగం మంది ఇక్కడ్నే దెబ్బతింటరు. నిజాం కాగితాలల్ల ఫస్లీ సంవత్సరం ఉంటది, అక్టోబర్ మొదటి వారంల ఆజూర్ నెలతోటి మొదలైతది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఫస్లీకి 590 కలుపాలె, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 591 కలుపాలె. పోలీస్ యాక్షన్ జరిగిన సెప్టెంబర్ 1357 ఫస్లీ ఆబాన్ నెలల పడ్తది. సుమారు ఇరవై దినాలు దాటంగనే 1358 మొదలు. "1948" అని అడిగితే క్లర్కు ఒక్క కట్టనే తీస్తడు. మీకు 1357, 1358, 1359, 1360, 1361 ఐదు కట్టలు కావాలె. ఉర్దూ శికస్తా (గొలుసుకట్టు) రాత సదివే పెద్దమనిషిని ముందే మాట్లాడుకోండ్రి. అచ్చు ఉర్దూ వచ్చినోళ్ళకు గూడ ఆ రాత పట్టువడది.

రెండోది జిల్లా హద్దులు. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండల ఉండె, కడవెండి గూడ అందులోనే. కొడంగల్ సంగతి కావాల్నంటే మహబూబ్‌నగర్ కట్టలల్ల ఎంత దేవులాడినా దొరకది, అది గుల్బర్గా జిల్లా. గద్వాల, ఆలంపూర్ రాయచూర్ కింద ఉండె. ఇవన్ని 1956ల మహబూబ్‌నగర్‌ల కలిసినయి. గుల్బర్గా, రాయచూర్ ఫైళ్ళు కర్ణాటకల ఉండొచ్చు. ఇగ 2016 విభజన తర్వాత కలెక్టరేట్ రికార్డు రూములు గూడ పంచిన్రు. సూర్యాపేటకు పంపితే నల్లగొండల ఉన్నదంటరు, నల్లగొండకు పంపితే సూర్యాపేటకు ఇచ్చినమంటరు. దరఖాస్తుల "సెక్షన్ 6(3) ప్రకారం ఐదు దినాలల్ల సంబంధిత కార్యాలయానికి బదిలీ చెయ్యగలరు" అని ఒక లైను రాస్తే ఆ తిప్పలాట వాళ్ళే పడ్తరు.

తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌ల మిలిటరీ గవర్నర్ కాలం నాటి గెజిట్ అడగండ్రి, పాతోళ్ళు జరీదా అంటుండె. రెగ్యులేషన్లు అండ్ల అచ్చయితయి.

ఖాస్రా పహాణీని చిన్నగ చూడొద్దు. 1954–55 పహాణీల పట్టాదారు పేరు, కబ్జాదారు పేరు వేరువేరు గడులల్ల ఉంటయి. స్తూపం మీది మనిషి పేరో, ఆయన తండ్రి పేరో సేత్వార్‌ల (సర్వే నాటి మొదటి భూమి రిజిస్టరు) ఉండి, ఖాస్రాల కబ్జా గడిల వేరే పేరు వస్తే, నడిమిట్ల ఆ ఇల్లు ఖాళీ అయ్యిందా అని అడగాల్సిన జాగ అదే. ఊరిడిచి పోయిన ముస్లిం కుటుంబాల భూములైతే 1950 ఎవాక్యూ ఆస్తుల చట్టం కింద కస్టోడియన్ పేరు వచ్చిందేమో చూడుండ్రి. పహాణీ నకలు తహసీల్ కార్యాలయంల అడగొచ్చు. రాష్ట్ర సమాచార హక్కు నిబంధనల ప్రకారం మండల స్థాయికి ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, గ్రామ స్థాయికి అసలే లేదు.

స్తూపం కాడ ఒక జాగ్రత్త. రంగు మీద రంగు ఏస్తరు, ప్రతిసారి అక్షరాలు కొత్తగ దిద్దుతరు. "48" కాస్త "46" అయితది. పొద్దున ఏటవాలు ఎండల, లేకుంటే రాత్రి టార్చి పక్కకు పట్టి ఫొటో తీస్తే రంగు కింద చెక్కిన అసలు గీత నీడ పడ్తది. తేదీ 1948 సెప్టెంబర్ 17కు ముందుదైతే చాలామట్టుకు రజాకార్ల లేకుంటే నిజాం పోలీసుల కాల్పులు, తర్వాతదైతే యూనియన్ సైన్యమో, దాని వెనుక వచ్చిన సాయుధ పోలీసులో. ఊర్లె అందరిని కలిపి "రజాకార్ల కాలంల సచ్చిండు" అంటరు. ఆ ఒక్క మాటల రెండు సర్కార్ల లెక్కలు కలిసిపోతున్నయి.

పాతదస్త్రం:

దిండి_వాగు గారు చెప్పిన చివరి సంగతి చాలా ముఖ్యం. దానికి తోడు, పోలీస్ యాక్షన్ నాటి హింసను చూసి రమ్మని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక తప్పక చూడండి. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా 16 జిల్లాల్లో 9 తిరిగారు. తాము పోలేకపోయిన 109 ఊర్ల వాళ్ళు 500 మందికి పైగా వచ్చి చెప్పింది విన్నారు. రాష్ట్రం మొత్తం మీద తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అన్నిటికంటే ఘోరం. నల్లగొండను ఔరంగాబాద్, బీడ్, మెదక్‌తో కలిపి, ఆ నాలుగు జిల్లాల్లో కనీసం 5 వేల మంది అన్నారు. కొన్నిచోట్ల సైన్యం మనుషులే లూటీల్లో, ఇతర నేరాల్లో పాల్గొన్నారనడానికి తిరుగులేని సాక్ష్యం ఉందని కూడా రాశారు. పటేల్ ఆ నివేదికను ఒప్పుకోలేదు, ప్రభుత్వం అచ్చు వేయలేదు. 2013లో గానీ ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో అది చదువరులకు అందుబాటులోకి రాలేదు. ఆ సంస్థ పేరు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంగా మారింది, ఉత్తరం పాత పేరుతో రాయొద్దు. నల్లగొండ పుటలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కమిటీ తిరిగింది 1948 డిసెంబర్ దాకానే. 1949 నుంచి కమ్యూనిస్టు దళాల మీద, వాళ్ళకు అన్నం పెట్టిన ఊర్ల మీద జరిగినవి అందులో ఉండవు.

ఇక సైన్యం కాగితం. ఆర్టీఐ రెండో షెడ్యూల్‌లో ఐబీ, రా, బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్, అస్సాం రైఫిల్స్ ఉన్నాయి గానీ భారత సైన్యం లేదు. కాబట్టి "మాకు చట్టమే వర్తించదు" అని సైన్యం అనలేదు. ఆ షెడ్యూల్ సంస్థలైనా మానవ హక్కుల ఉల్లంఘన సమాచారమైతే సెక్షన్ 24 కింద కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి. రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించిన విధానం ప్రకారం సైనిక చర్యల రికార్డులు మామూలుగా 25 ఏండ్లకు రహస్యం నుంచి బయటికి రావాలి, నిపుణులు చూసి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. దాన్నే వాళ్ళ మీద వాడండి: "2021 విధానం కింద 1948–51 హైదరాబాద్ చర్యల రికార్డుల సమీక్ష జరిగిందా, జరిగితే తేదీ, బదిలీ జాబితా నకలు ఇవ్వగలరు."

కొత్త దరఖాస్తు 500 పదాలు దాటనీయకండి, ఒక దరఖాస్తులో ఒకే విషయం. "ఎంతమందిని చంపారు, ఎందుకు చంపారు" అని అడిగితే అట్లాంటి సంకలనం మా దగ్గర లేదంటారు, అది చట్టప్రకారం చెల్లుతుంది కూడా. కాగితం పేరు పెట్టి అడగాలి: వార్ డైరీ (దళం రోజువారీ రాసే నమోదు), పరిస్థితి నివేదిక, క్యాంపుల జాబితా. మొదటి దరఖాస్తులో నకళ్ళు వద్దు, జాబితా మాత్రమే. జాబితా చేతికొస్తే "లభ్యం కాలేదు" అన్న మాట మళ్ళీ వాడలేరు. రెండో దరఖాస్తులో ఫైలు నంబరుతో తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు. దళం పేరు విషయంలో కూడా జాగ్రత్త. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ఒకటో ఆర్మర్డ్ డివిజన్ పేరు అందరికీ తెలుసు గనుక అదే రాస్తారు. మీ కోదాడ, సూర్యాపేట దారిన వచ్చింది బెజవాడ వైపు దళం, మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో. తప్పు దళం పేరు రాస్తే "లేదు" అన్న జవాబు నిజమే అవుతుంది.

పానగల్లు_కట్ట:

ఇగ స్పష్టమైంది. అప్పీలుల మొదటి పేరా "దొరకని కాగితానికి మినహాయింపు ఎట్ల", రెండోది 8(3), మూడోది వెతికిన రిజిస్టర్ల వివరం. కొత్త దరఖాస్తులు రెండు: 1948 సెప్టెంబర్–1950 జనవరి ఒకటి, 1950 జనవరి–1951 అక్టోబర్ ఇంకోటి, రెండిట్ల జాబితాలే అడుగుత. ఊర్ల పేర్లు ఇంగ్లీషుల మూడు నాలుగు రకాలుగ ఉన్నయి, అన్ని రాయాల్నా?

దిండి_వాగు:

అన్ని రాయి తమ్మీ. ఊరి పేరు పక్కన అప్పటి తాలూకా పేరు గూడ పెట్టు. రెవెన్యూ ఊరు ఒకటి, దాని శివారు పల్లె ఇంకోటి ఉంటయి, మిలిటరీ కాగితంల శివారు పల్లె పేరే పడొచ్చు. పహాణీల ఉన్న రెవెన్యూ గ్రామం పేరు, జనం పిలిచే పేరు రెండూ పెట్టు. అప్పీలు స్పీడ్ పోస్టుల పంపి, రసీదు నంబరు దరఖాస్తు నకలు మీద రాసి పెట్టుకో.

గడప_దాటని_కేసు:

ఒక్క సవరణ. 1950 జనవరి 25, 26 తేదీల దగ్గర ముక్క విరుగుతుంది కాబట్టి ఆ రెండు రోజులూ ఏదో ఒక దరఖాస్తులో పడేట్టు చూడండి. మొదటిదాన్ని "1950 జనవరి 25తో సహా" అని, రెండోదాన్ని "1950 జనవరి 26 నుంచి" అని రాయండి. "1950 జనవరి దాకా" అని వదిలేస్తే జనవరి నెల మొత్తం రెండు జవాబుల్లోనూ జారిపోతుంది.